ఆ కొడుక్కి అక్క ఉందా?

అమినియాసి నవ్వగా చూసినవాళ్ళు నావోలో అనే మా ఊళ్ళో ఎవరూ లేరు. పెళ్ళినాడు కూడా నవ్వలేదని ఆయన భార్య వసితి చెబుతుంది. చెడ్డవాడు కాదు. చేమదుంప నాటినా, తుఫానుకి లేచిపోయిన చర్చి రేకులు మళ్ళీ బిగించినా, పక్కింటి పిల్లవాడికి జ్వరమొస్తే పడవలో వేసుకుని దీవి అవతలి ఆసుపత్రికి తీసుకెళ్ళినా, అన్నీ ఒకే మొహంతో చేస్తాడు. ఒకసారి ఆ మొహం చూసి జ్వరమున్న పిల్లవాడు తనకి చావు దగ్గరపడిందనుకుని దారి పొడుగునా ఏడ్చాడు.

ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే, మనుషుల్ని తయారుచెయ్యడం. సంఘంలో ఉపదేశి. ఆదివారం ప్రసంగం చెప్పేసి చేతులు దులుపుకునే రకం కాదు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాణ్ణి పట్టుకుని తన వెంట తోటకీ సముద్రానికీ తిప్పుకునేవాడు. గొయ్యి తవ్వుతూ ఓర్పు గురించి చెప్పేవాడు, వల బాగుచేస్తూ ప్రార్థన గురించి చెప్పేవాడు. పాఠాలకి ఒక వరస ఉంది. ప్రార్థన, ఉపవాసం, వినయం, నోటి అదుపు, ఆ తర్వాత ఎప్పటికో క్షమాపణ. వరస తప్పితే ఆయనకి అన్నం సహించదు.

అలా ఎంతోమందిని దిద్దాడు. ఒక్కడూ నిలబడలేదు. ఒకడు రగ్బీ ఆడతానని నాండి పట్నం వైపు వెళ్ళి ఆదివారాలు కూడా ఆడుతున్నాడు. ఇంకొకడు సువా పట్నంలో వేరే సంఘంలో చేరి, సెలవులకి వచ్చినప్పుడు గురువుగారికే ఇంకా రక్షణ దొరకలేదని నలుగురిలో చెప్పిపోయాడు. చిల్లికుండలో నీళ్ళు పోస్తున్నానని అమినియాసి విసుక్కునేవాడు. కుండ మారుస్తాడు గాని, పోసే తీరు మార్చుకోడు. అరవై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. తన వెనక వాక్యం పట్టుకుని నిలబడే మనిషిని ఒక్కణ్ణయినా చూసి పోవాలని ఆయన కోరిక.

అలాంటి మనిషి నెత్తిన కొత్తగా వచ్చిన పాస్టరుగారు పెద్ద బండే వేశారు. ఆయనది ఎక్కడో ఉత్తరాన వేరే దీవి. వచ్చి నెల తిరక్కుండానే ఒక ఏర్పాటు చేశారు. పాత విశ్వాసి ఒక్కొక్కరూ ఒక కొత్త విశ్వాసిని జోడుగా తీసుకుని ఏడాదిపాటు వెంట నడిపించాలి. ఆరాధన అయ్యాక జోడీలు చదివారు. "అమినియాసిగారు, కినిజోజి" అనగానే చర్చి మొత్తం గొల్లున నవ్వింది. ఆడవాళ్ళు విసనకర్రలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారికి ఏమీ అర్థం కాలేదు.

కినిజోజి వసితికి సొంత తమ్ముడు. అంటే అమినియాసికి బామ్మర్ది. మా కందవు దీవిలో బావా బామ్మర్దులు ఎదురుపడితే ఎకసెక్కమాడి తీరాలి. ఒకడి సంచి ఇంకొకడు లాక్కుపోవచ్చు, వల దాచెయ్యవచ్చు, శవం లేచే ఇంట్లో కూడా వేళాకోళం చెయ్యవచ్చు. కోపం మాత్రం తెచ్చుకోకూడదు. బామ్మర్ది మీద కోపం తెచ్చుకున్నవాణ్ణి మనిషి కింద జమకట్టరు.

అమినియాసి ఆ పూటే పాస్టరుగారింటికి వెళ్ళాడు.

"అయ్యగారూ, వాడు నా బామ్మర్ది. వాడితో నేను మంచీ చెడ్డా మాట్లాడేది ఎట్టాగండీ?"

"క్రీస్తులో అందరం సోదరులమే గదండీ."

"సోదరులమే. కాదన్లేదు. బావా బామ్మర్దులం కూడా. ఆ ముక్క దేవుడికి తెలుసు, వాడికీ తెలుసు. వాడు వదలడు."

పాస్టరుగారు నవ్వి, ప్రార్థన చెయ్యండి, ప్రభువే దారి చూపిస్తాడు అన్నారు. పాస్టర్లు ఈ మాట అన్నారంటే ఇక లేచి వెళ్ళమని అర్థం. అమినియాసి లేచి వచ్చాడు.

కినిజోజి సంగతి ఊరందరికీ తెలిసిందే. చాలా ఏళ్ళు సువా రేవులో మూటలు మోశాడు, మోసిందానికి రెండింతలు తాగాడు. తల్లి పోయినప్పుడు కబురు వెళ్ళినా రాలేదు. మట్టి దగ్గరికీ రాలేదు, పోయిన నూరో రాత్రి పెట్టే విందుకీ రాలేదు. కొడుకు నిలబడాల్సిన చోట వసితి ఒక్కతే నిలబడింది. వచ్చిన చుట్టాలకి చాపలు పంచింది, పందిని కోయించింది, తల్లి సమాధి చుట్టూ తెల్ల ఇసక తనే మోసి పోసింది. ఆ తర్వాత రెండేళ్ళకి కినిజోజి తాగుడు మానేసి ఊరికి వచ్చాడు. ఒక ఆదివారం చర్చిలో వెనక నుంచి నడుచుకుంటూ ముందుకొచ్చి మోకాళ్ళ మీద పడ్డాడు. తల్లి గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. మా ఊళ్ళో ఒక మాట ఎత్తకుండా ఉండటం కంటే పెద్ద శిక్ష లేదు.

శనివారం మధ్యాహ్నం మొదటి పాఠం. కినిజోజి ముందు గుమ్మంలో కనపడగానే వసితి అల్లుతున్న చాప పక్కన పెట్టి, పక్క గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయింది. పెరట్లో విడిగా ఉన్న వంటింట్లో కూర్చుని కొబ్బరి కోరడం మొదలుపెట్టింది. అందులో వింతేమీ లేదు. పెద్దయిన అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోకూడదు, ఒకే కప్పు కింద ఎదురెదురుగా కూర్చోకూడదు. తమ్ముడు వస్తే అక్క లేచి వెళ్ళాలి, అది గౌరవం. చెప్పుకోవలసింది ఏమన్నా ఉంటే మధ్యలో మూడో మనిషి చేత చెప్పించుకోవాలి. బావ అనేవాడు ఉండేది అందుకే.

కినిజోజి కాసేపు ఆ పక్క గుమ్మం వైపు చూశాడు. తర్వాత తెచ్చిన చేపల గుత్తిని ఆ గుమ్మం పక్కనున్న మేకుకి తగిలించి వచ్చి కూర్చున్నాడు.

"ముందు ప్రార్థన. కళ్ళు ముయ్యి," అన్నాడు అమినియాసి.

"నీ ముందా? మూసి తెరిచేలోపు నా చొక్కా ఉండదు బావా."

"కినిజోజీ, ఇది దేవుడి పని."

"దేవుడి పనేలే. ఆయన నిన్ను చూస్తా ఉంటాడు, నేను కూడా ఓ కన్ను తెరిచి చూస్తా ఉంటా. ఆయనకి సాయం."

గోడవతల ఎవరో కిసుక్కుమన్నారు. పొరుగింటి ముసలమ్మ ఉలమిలా చేటలో ఏదో వేసుకుని చెరుగుతున్నట్టు అక్కడే కూర్చుంది. చేటలో ఏమీ లేదు.

తర్వాత వారాల్లో ఆ చేట పక్కకి ఇంకా చాలామంది చేరారు. శనివారం అమినియాసి పాఠం అంటే ఊరికి పండగైపోయింది. ఉపవాసం గురించి చెబితే, "నిన్ను చూస్తానే ఆకలి చచ్చిపోద్ది, ఇంక వేరే ఉపవాసం ఎందుకు బావా" అనేవాడు. వినయం గురించి చెబితే, "నీ దగ్గరుంటే గదా నా వినయం నలుగురికీ కనపడేది" అనేవాడు. శత్రువుని ప్రేమించాలని చెబితే, "ప్రేమించబట్టే గదా వారం వారం వస్తన్నా" అన్నాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. అమినియాసి వేళ్ళ మెటికలు విరుచుకున్నాడు. తిరిగి ఒక్క ఎకసెక్కమైనా ఆడితే సరిపోయేది. ఆయనకి రాదు. పుట్టుకతో రాలేదు, అరవై ఏళ్ళకి ఎక్కడ తెచ్చుకుంటాడు?

వాడు మానేసినా బాగుండునని ఆయనకి అనిపించేది. వాడేమో ఒక్క వారం తప్పేవాడు కాదు. వర్షంలో కూడా చేపల గుత్తి పట్టుకుని వచ్చేవాడు. మేకుకి తగిలించేవాడు. వసితి పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోయేది. వేణ్ణీళ్ళలో నిమ్మాకు వేసిన టీ, ఉడికించిన కర్రపెండలం ఉలమిలా చేత లోపలికి పంపేది. తమ్ముడికి పెట్టవలసిన మర్యాదలో రవ్వంత తగ్గేది కాదు, రవ్వంత పెరిగేదీ కాదు.

ఒకరోజు కూర్చోగానే కినిజోజి అడిగాడు.

"బావా, పోయిన వారం చేపలు పిల్లి తిన్నదా, మనుషులు తిన్నారా?"

"పాఠం మీద మనసు పెట్టు."

"పాఠం మీదే పెట్టా. పిల్లి సంగతి చెప్పు."

"పిల్లి గురించి నాకేం తెలుసురా! నోటి అదుపు దగ్గరున్నాం మనం."

ఆ వారం కినిజోజి ఇంకేం వేళాకోళం ఆడలేదు. తన పాఠం చివరికి పని చేసిందని అమినియాసి సంబరపడ్డాడు. గుడ్డి గుర్రానికి కళ్ళెం బంగారంతో చేయించినట్టే ఉంది ఆయన ఉపదేశం.

ఎట్టకేలకి క్షమాపణ పాఠం వచ్చింది. దాని కోసం ఆయన వారమంతా తయారయ్యాడు. ఇల్లు విడిచిపోయి, ఆస్తి పాడుచేసుకుని, పందుల దగ్గర ఆకలితో పడున్న కొడుకు తిరిగి వచ్చే కథ ఎత్తుకున్నాడు. ఈ కథకి ఎంతటివాడైనా కరుగుతాడని ఆయన నమ్మకం. తండ్రి దూరం నుంచే చూసి పరిగెత్తుకు రావడం చెప్పాడు. మెడ మీద పడి ముద్దు పెట్టుకోవడం చెప్పాడు. కొత్త బట్ట, చేతికి ఉంగరం, విందు అన్నీ చెప్పాడు. అలిగి బయట నిలబడిన పెద్దకొడుకు గురించి కూడా చెప్పాడు. గోడవతల జనం కూడా గోడకి దగ్గరగా జరిగారు. కినిజోజి తలవంచుకుని విన్నాడు. ఇన్ని నెలల చాకిరీ ఫలించే ఘడియ ఇదేననుకున్నాడు అమినియాసి.

కినిజోజి తలెత్తాడు.

"బావా, ఆ కొడుక్కి అక్క ఉందా?"

గోడవతల ఒకరు ఫక్కున నవ్వారు. ఆ వెంటే అందరూ.

"ఏందీ?"

"అక్క బావా, అక్క. నాన్నేమో పరిగెత్తుకొచ్చాడు, అన్నేమో అలిగాడు. అక్క ఉంటే ఏం చేసిద్ది? ఏ గుమ్మంలోంచి బయటికి పోయిద్ది?"

నవ్వులు మిన్నంటాయి. వంటింట్లో కొబ్బరి కోరే చప్పుడు ఆగిపోయింది, కానీ ఆ గోలలో అది ఎవరికి వినపడుతుంది? అమినియాసి లేచి నిలబడ్డాడు.

"నువ్వు బాగుపడవురా! మీ అమ్మ చచ్చినప్పుడే రానివాడివి, నీకు వాక్యం ఎందుకు, కథలెందుకు! పందుల దగ్గరికే పో. మళ్ళీ నా గడప తొక్కకు!"

చేట కింద పడ్డ చప్పుడు వినిపించింది. బామ్మర్ది మీద అరిచాడు. ఊళ్ళో ఎవరూ ఎత్తని మాట ఎత్తాడు. జనం ఒక్కొక్కరే మొహాలు చూసుకోకుండా లేచి వెళ్ళారు. కినిజోజి అందరికన్నా చివర్న లేచి, "సరే బావా" అని, పక్క గుమ్మం వైపు ఒకసారి చూసి, ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

పాస్టరుగారికి చెప్పి అమినియాసి జోడు మార్పించుకున్నాడు. ఇప్పుడొచ్చినవాడు బుద్ధిమంతుడు, ఏ వరసా కాడు. ఏం చెప్పినా తల ఊపుతాడు. ఓర్పు అంటే ఊపుతాడు, ప్రార్థన అంటే ఊపుతాడు. ఒక వారం అమినియాసి పొరపాటున ఉపవాసం పాఠం రెండోసారి చెప్పాడు. వాడు అప్పుడూ ఊపాడు. ఇంతకాలం కోరుకున్నది ఇదేగా అని తనకి తాను చెప్పుకున్నాడు గాని, శనివారం వస్తోందంటే ఆయనకి విసుగు పుట్టేది. గోడవతల ఎవరూ కూర్చోవడం లేదు. మేకు ఖాళీగా ఉంది.

ఇంట్లో సంగతి చెప్పక్కర్లేదు. వసితి కంచంలో కర్రపెండలం పెట్టి పక్కన ఉప్పు పెట్టేది. చేపా లేదు, కొబ్బరిపాలూ లేవు. ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. చివరికి ఒక ఉదయం, సువా వెళ్ళే ఓడ లోతునీళ్ళలో ఆగి కూత వేసిన పూట, ఆవిడ చాప అల్లుతూ తలెత్తకుండానే అంది.

"ఏమయ్యా, వాడొక మాటడిగాడు. నువ్వు జవాబు చెప్పలా."

"ఎవడు? ఏ మాట?"

"ఆ కొడుక్కి అక్క ఉందా అని."

"అదొక మాటా? ఎకసెక్కం గదా అది!"

"ఎకసెక్కం కాక నీతో ఇంకెట్టా మాట్లాడతాడు వాడు? నాతో మాట్లాడకూడదు. నీతో మాట్లాడాలంటే నవ్వులాటే ఆడాల. ఇంకెవరి దగ్గరికి పోతాడు, సముద్రం దగ్గరికా?"

అమినియాసి నోరు తెరిచాడు. ఆవిడ ఆగలేదు.

"వాడొచ్చిన కొత్తల్లో నేను కోపంతోనే బయటికి పోయా. మొహం చూడబుద్ధి కాలా. అమ్మ ఆఖరి పూట ఎన్నిసార్లు వాడి పేరు పిలిచిందో నాకు తెలుసు. తర్వాత్తర్వాత, చేపలు తెచ్చి తగిలించి పోతా ఉంటే, గోడవతల నుంచి వాడి గొంతు వింటా ఉంటే, కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలీలా. పోయినా బయటికే పోవాల గదా, అక్కని. కోపమున్నా అదే గుమ్మం, గౌరవమున్నా అదే గుమ్మం. ఏ అక్క బయటికి పోతందో వాడికెట్టా తెలిసిద్ది?"

"మరి నాతో చెప్పొచ్చుగా!"

"ఎప్పుడు చెప్పేది? నువ్వెప్పుడూ పాఠంలో ఉంటివి."

అమినియాసికి ఒళ్ళు మండిపోయింది. జోడు కట్టిన పాస్టరు మీద, వంటింట్లో నోరు కుట్టేసుకుని కూర్చున్న భార్య మీద, తిన్నగా ఒక్క ముక్క అడగడం చేతకాని బామ్మర్ది మీద. అందరి మీదా మండి మండి, చివరికి ఆ మంట తన మీదికే వచ్చి ఆగింది. మధ్యలో మాట మోసే మనిషి తనే. వాళ్ళిద్దరికీ ఉన్న ఒకే ఒక్క వంతెన తనే. ఆ వంతెన మీద నిలబడి ఇన్నాళ్ళూ తను వంతెనల గురించి పాఠాలు చెప్పాడు.

"ఓడ కూసింది," అంది వసితి. "వాడు రేవు పనికి పోతన్నాడంట. ఉలమిలా చెప్పింది."

రేవు పని అంటే ఏమిటో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. మూటలు, సాయంత్రం సీసా, మళ్ళీ మూటలు. ఈసారి వెళ్ళినవాడు మళ్ళీ మోకాళ్ళ మీద పడటానికి వస్తాడన్న నమ్మకం లేదు. అమినియాసి చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాడు.

ఒడ్డున చిన్న పడవలో జనాన్ని, మూటల్ని ఎక్కిస్తున్నారు. మోకాలి లోతు నీళ్ళలో కినిజోజి భుజాన సంచితో నిలబడి ఉన్నాడు. బావని చూసి నవ్వు మొహం పెట్టాడు.

"ఏం బావా, నన్ను సాగనంపను వచ్చావా, పోయానో లేదో చూసుకోను వచ్చావా?"

అమినియాసి రొప్పుతూ, జీవితంలో ఎన్నడూ లేనంత గట్టిగా చెప్పాడు. "మీ అక్కకి నీ మీద కోపం లేదురా."

పడవలో వాళ్ళంతా గొల్లున నవ్వారు. కినిజోజి కూడా నవ్వాడు గాని, కళ్ళలోకి నవ్వు రాలేదు.

"అబ్బో! ఇన్నాళ్ళకి మా బావ ఎకసెక్కం నేర్చాడు. బాగుంది బావా. పాఠం నేనే చెప్పినట్టున్నా."

"ఎకసెక్కం కాదురా! దేవుడి తోడు!"

"ఇది ఇంకా బాగుంది."

ఏం చేస్తాడు? అరవై ఏళ్ళు అబద్ధమాడని మనిషి. ఆ మొహం చూసి ఊరంతా ఆయన మాట నమ్మింది. నమ్మవలసిన ఒక్క మనిషి మాత్రం నమ్మడు, వరస అటువంటిది. బావ నోట్లోంచి వచ్చిందంటే వేళాకోళమే. పైగా, నా గడప తొక్కకు అన్న నోరు అదే. అమినియాసి ఆకాశం వైపు చూశాడు. ఆయనకి తెలిసిన పాఠాల్లో ఏదీ పనికొచ్చేట్టు లేదు. పడవవాడు మోటారు తాడు లాగాడు.

అప్పుడు అమినియాసి నీళ్ళలోకి దూకినంత పనిచేసి, కినిజోజి భుజం మీది సంచి లాక్కుని, వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు.

ఒడ్డు ఒడ్డంతా కేకలు. "ఉపదేశిగారు దొంగైపోయాడ్రోయ్!" "పట్టుకో కినిజోజీ, నీ బట్టలన్నీ ఆదివారం పాస్టరుగారికి కానుకేస్తాడు!" తడిసిన బట్ట కాళ్ళకి అడ్డం పడుతుంటే, అరవై ఏళ్ళ పెద్దమనిషి సంచి గుండెలకి హత్తుకుని, ఇసకలో తూలుతూ, కొబ్బరిచెట్ల మధ్య నుంచి పరిగెత్తాడు. బావ సంచి లాక్కుంటే బామ్మర్ది కోప్పడకూడదు. వెంటపడటం తప్ప దారి లేదు. కినిజోజి వెంటపడ్డాడు. పడవ కాసేపు చూసి వెళ్ళిపోయింది.

అమినియాసి ముందు గుమ్మంలోంచి లోపలికి దూరి కూలబడ్డాడు. వెనకే కినిజోజి గడప దగ్గర ఆగాడు. లోపల పక్క గుమ్మానికి వేలాడుతున్న తెర ఇంకా ఊగుతోంది. వసితి అప్పుడే వెళ్ళింది.

"చూశావా బావా," అన్నాడు కినిజోజి. ఆ మాటలో వేళాకోళం లేదు. "నేనొస్తే ఆ తెర ఊగిద్ది. అంతే నాకు తెలిసింది."

అమినియాసి ఏదో అనబోయి, ఇంటి లోపలి చివర వైపు చూసి ఆగిపోయాడు. అక్కడ, పెద్దలు కూర్చునే చోట, ఒక చాప పరిచి ఉంది. అంచున ఎర్రవీ పచ్చవీ ఉన్ని కుచ్చులు. అది అత్తగారి చాప. ఆవిడ పోయిన తర్వాత వసితి దాన్ని చుట్టి దూలం మీద పెట్టింది, మళ్ళీ దించలేదు. పాస్టరుగారు వచ్చినప్పుడు కూడా దించలేదు. ఆయన పరుగున బయటికి పోయి తిరిగి వచ్చేలోపు ఆవిడ ఒక్కతే ఎక్కి దించినట్టుంది. చుట్టలో పడ్డ వంపులు ఇంకా పూర్తిగా చదును కాలేదు.

కినిజోజి దాన్ని గుర్తుపట్టాడు. చిన్నప్పుడు దాని మీద అన్నం ఒంపినందుకు తల్లి చేతి దెబ్బలు తిన్నవాడు. గడప దాటి వచ్చాడు. చాప అంచు దాకా వచ్చి, కాలు పెట్టకుండా ఆగి, మెల్లిగా ఆ కుచ్చుల పక్కన నేల మీద కూర్చున్నాడు. తల వంచుకున్నాడు. అమినియాసి ఎదురుచూశాడు. ఏదో ఒకటి అంటాడనుకున్నాడు, ఎకసెక్కమైనా సరే. ఇన్ని నెలలు ఏ నిశ్శబ్దం కోసం పళ్ళు కొరుక్కున్నాడో ఆ నిశ్శబ్దం ఇప్పుడు ఎదురుగా కూర్చుంది, దాన్ని ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. ప్రార్థన మొదలుపెట్టబోయాడు. మానుకున్నాడు. గ్రంథం తెరిచి మళ్ళీ మూశాడు. వంటింట్లో కొబ్బరి కోరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ఒరే బామ్మర్దీ."

కినిజోజి తలెత్తలేదు.

"ఆ కొడుక్కి అక్క ఉందిరా," అన్నాడు అమినియాసి, ఎప్పుడూ ఉండే మొహంతోనే. "వంటింట్లో ఉంది. చేపలేవి, వట్టి చేతులు ఊపుకుంటా వచ్చాడా అని అడగతంది."

కొబ్బరి కోరే చప్పుడు ఆగింది. కినిజోజి నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగి, చాప మీదికి వంగిపోయి, మొహం దాని మీద పెట్టి ఏడ్చాడు. అమినియాసికి ఏడుపు చూడటం కూడా చేతకాదు. లాక్కొచ్చిన సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

వంటింట్లోంచి వసితి గొంతు వినిపించింది. తమ్ముడితో కాదు, మొగుడితోనే అంది. ఆచారం ఎక్కడా తప్పలేదు.

"ఏమయ్యా, ఆ చేపలు పిల్లి తినలేదని చెప్పు."

అమినియాసి బామ్మర్ది వీపు మీద చెయ్యి వేశాడు.

"పిల్లి తినలేదంటరా," అని చెప్పాడు.